41 రోజులున్న నిగ్రహం 42వ రోజు ఎక్కడికి పోతుంది?

కార్తీకం వచ్చిందంటే నెల్లూరు ట్రంకు రోడ్డు మీద నల్లబట్టలు కనబడతాయి. మా వీధిలోనూ ఒకాయన ఏటా మాల వేసుకుంటాడు. తక్కిన రోజుల్లో సాయంత్రం ఏడైతే ఆయన బండి తనంతట తానే వైన్ షాపు వైపు తిరుగుతుందని వాళ్లావిడ నవ్వుతూ చెబుతుంది. ఆ నవ్వులో ఎంత నవ్వుందో వీధిలో అందరికీ తెలుసు. అదే మనిషి మెడలో మాల పడగానే తెల్లవారుజామున నాలుగున్నరకి చన్నీళ్లు పోసుకుంటాడు. కాలికి చెప్పులుండవు. చాప మీద పడుకుంటాడు. మందు లేదు, సిగరెట్ లేదు, నోట్లోంచి ఒక్క బూతు మాట రాదు. 41 రోజుల్లో ఒక్క రోజు కూడా తప్పడు. శబరిమల వెళ్లొచ్చి మాల తీస్తాడు. నాలుగో రోజు సాయంత్రం బండికి పాత దారి గుర్తొస్తుంది.

పోయిన సంక్రాంతికి ఉండబట్టలేక ఆయన్నే అడిగాను. "ఏంది సామీ, అన్నాళ్లు ఆపుకున్నోడివి ఇంకొన్నాళ్లు ఆపుకోలేకపోయావా?" అని. ఆయన కాసేపు ఆలోచించి, "అప్పుడు నేను ఆపుకునింది ఏం లేదబ్బయ్యా. అసలు తాగాలనే అనిపించలా" అన్నాడు.

ఈ వ్యాసమంతా ఆ ఒక్క ముక్కను విప్పి చూడటానికే.

ఇలాంటి మనిషి మీద మన దగ్గర రెండు తీర్పులు రెడీగా ఉంటాయి. కొందరు "అంతా స్వామి మహిమ" అంటారు. ఇంకొందరు "వాడికి విల్‌పవర్ లేదు" అంటారు. మొదటి మాటతో నాకు తగువు లేదు. రెండోది మాత్రం లెక్కకు నిలవదు. విల్‌పవర్ అనేది కండలాగా మనిషి లోపల ఉండే బలమైతే, 41 రోజులు కసరత్తు చేశాక అది ఇంకా గట్టిపడాలి. రాత్రికి రాత్రి ఎలా కరిగిపోతుంది?

దీని గురించి మాట్లాడబోతే మన మాటలే మనకు అడ్డం పడతాయి. సెల్ఫ్ డిసిప్లిన్‌ను స్వీయ క్రమశిక్షణ అంటాం. సంస్కృతంలో శిక్ష అంటే నేర్పడం. తెలుగులోకి వచ్చేసరికి అది దండన అయి కూర్చుంది. అందుకే క్రమశిక్షణ అనగానే బెత్తం పట్టుకున్న డ్రిల్ మాస్టారు కళ్లముందుకొస్తాడు. మనల్ని మనం దారిలో పెట్టుకోవడమంటే మన వీపు మీద మనమే బెత్తం ఆడించుకోవడం అనుకుంటాం. పొద్దున్నే లేవలేదని తిట్టుకుంటాం. తిట్టుకున్నాక మనసు బాగోదు. మనసు బాగోక ఫోన్ తీస్తాం. తీస్తే గంట పోతుంది. దానికి మళ్లీ తిట్టుకుంటాం.

ఆ ఒక్క మాట కింద మూడు వేరువేరు పనులు చిక్కుపడి ఉన్నాయి. కళ్లెదుట ఉన్నదాన్ని వద్దనుకోవడం ఒకటి. చేయాల్సిన పని మొదలుపెట్టడం ఇంకొకటి. మొదలుపెట్టినదాన్ని సాగించడం మరొకటి. ఒకదాంట్లో గట్టివాడు ఇంకోదాంట్లో గట్టివాడు కానక్కర్లేదు. మా మేనమామ షుగర్ వచ్చిన రోజు నుంచి స్వీటు ముట్టలేదు, కరెంటు బిల్లు మాత్రం ఫైన్ పడితేగానీ కట్టడు. ఇక మూడోదాని సంగతి చెప్పేదేముంది, ఆంధ్రులు ఆరంభశూరులని మనకు మనమే బిరుదు ఇచ్చుకున్నాం.

మొదటి చిక్కు గురించి ప్రపంచమంతా చెప్పుకునే కథ ఒకటుంది. 1960ల చివర అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ యూనివర్సిటీలో వాల్టర్ మిషెల్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త నాలుగైదేళ్ల పిల్లల ముందు ఒక మిఠాయి పెట్టాడు. వాళ్లది మార్ష్‌మాలో. మన నెల్లూరు లెక్కలో మలై కాజా అనుకోండి. "కావాలంటే ఇప్పుడే తినొచ్చు, నేను తిరిగొచ్చేదాకా ఆగితే రెండిస్తా" అని చెప్పి గదిలోంచి వెళ్లిపోయేవారు. కొన్నేళ్ల తర్వాత ఆ పిల్లలు ఎలా ఉన్నారని ఆరా తీస్తే, ఎక్కువసేపు ఆగినవాళ్లు చదువుల్లో మెరుగ్గా కనిపించారు. ఇంకేముంది, పేరెంట్స్ మీటింగుల్లో చెప్పడానికి కథ దొరికింది. చిన్నప్పుడు కాజా ముందు ఆగినవాడు పెద్దయ్యాక బాగుపడతాడని.

2018లో ఇంకో బృందం 900 మందికి పైగా పిల్లల సమాచారం తీసుకుని మళ్లీ లెక్క వేసింది. ఆగడానికీ తర్వాతి చదువుకూ మధ్య సంబంధం మునుపటి లెక్కలో సగానికి పడిపోయింది. ఇంటి పరిస్థితి, తల్లి చదువు లాంటివి కూడా కలిపి చూస్తే మిగిలింది చాలా కొంచెం. అంతకు ఐదేళ్ల ముందే సెలెస్ట్ కిడ్ అనే శాస్త్రవేత్త ఈ పరీక్షను చిన్న మెలిక పెట్టి చేసింది. మిఠాయి పెట్టే ముందు, బొమ్మలేసుకోవడానికి మంచి సామాను తెస్తానని పిల్లలకు చెప్పారు. సగం మందికి తెచ్చారు, సగం మందికి తేలేదు. తర్వాత మిఠాయి పెట్టారు. మాట నిలబెట్టుకున్న మనిషి దగ్గర పిల్లలు సగటున 12 నిమిషాలు ఆగారు. మాట తప్పిన మనిషి దగ్గర 3 నిమిషాలు.

నన్నడిగితే ఆ మూడు నిమిషాల పిల్లలే తెలివైనవాళ్లు. ఒకసారి మోసం చేసినవాడు రెండో కాజా తెస్తాడని ఎందుకు నమ్మాలి? "ఈసారి పొగాకు అమ్మగానే సైకిల్ కొనిస్తా" అన్న మాట మూడేళ్లుగా వింటున్న ప్రకాశం జిల్లా కొండపి పిల్లవాడు, చేతికొచ్చిన పది రూపాయలు ఆ సాయంత్రమే బజ్జీల బండి దగ్గర ఖర్చుపెడితే వాడికి క్రమశిక్షణ లేదనడం అన్యాయం. వాడికున్నది అనుభవం.

మిషెల్ పరీక్షల్లో మీటింగుల్లో చెప్పని సంగతి ఇంకొకటుంది. మిఠాయి కంటికి కనబడకుండా మూత పెడితే పిల్లలు బాగా ఎక్కువసేపు ఆగారు. ఎదురుగానే ఉన్నప్పుడు కూడా ఆగగలిగినవాళ్లు దానివంక చూస్తూ పళ్లు బిగబట్టినవాళ్లు కారు. కళ్లు మూసుకున్నారు, అటు తిరిగి కూర్చున్నారు, పాటలు పాడుకున్నారు. వాళ్లు ఆకలితో కుస్తీ పట్టలేదు, దానికి కనబడకుండా తప్పుకున్నారు.

విల్‌పవర్ ఒక ట్యాంకు లాంటిదని, పొద్దున్నించీ వాడితే సాయంత్రానికి ఖాళీ అవుతుందని ఇంకో వాదం చాలాకాలం నడిచింది. 1998లో రాయ్ బామైస్టర్ బృందం ఆకలిగా ఉన్న విద్యార్థుల ముందు వేడి చాక్లెట్ బిస్కెట్లూ ముల్లంగి ముక్కలూ పెట్టి, కొందరిని ముల్లంగే తినమంది. ఆ తర్వాత తేలని పజిల్స్ ఇస్తే ముల్లంగి వాళ్లు తొందరగా చేతులెత్తేశారు. ఈ ప్రయోగం ఎంత పేరు తెచ్చుకుందో, 2016లో 23 ప్రయోగశాలలు కలిసి 2,000 మందికి పైగా మనుషుల మీద ఆ సిద్ధాంతాన్ని పరీక్షించినప్పుడు అంత తేలిపోయింది. ప్రభావం ఉందీ లేదన్నట్టుగా వచ్చింది. 2017లో భారతీయుల మీద జరిగిన ఒక అధ్యయనంలోనైతే వ్యవహారం తిరగబడింది. మనసును కష్టపెట్టే పని చేశాక మనవాళ్లు తర్వాతి పని ఇంకాస్త బాగా చేశారు. ఏకాదశికో శనివారానికో పస్తుండి, ఆ పూట ఇల్లంతా కడిగే అమ్మమ్మల్ని చూసినవాళ్లకు ఇది పెద్ద వింతేం కాదు. అలాగని నిద్రలేకపోతే నష్టం లేదని అర్థం చేసుకోవద్దు. రాత్రి రెండింటిదాకా రీల్స్ చూసి పొద్దున్నే నిగ్రహం కోసం వెతికితే దొరకదు. అది వేరే లెక్క.

ఈ చిక్కును విప్పడానికి నాకు అన్నిటికంటే పనికొచ్చింది 2012లో వచ్చిన ఒక జర్మనీ అధ్యయనం. విల్‌హెల్మ్ హాఫ్‌మన్ బృందం 205 మంది చేతికి చిన్న పరికరాలిచ్చింది. వారంపాటు, రోజుకు ఏడుసార్లు అది మోగుతుంది. మోగినప్పుడల్లా "ఇప్పుడు నీకేం కావాలనిపిస్తోంది, దాన్ని వద్దనుకుంటున్నావా" అన్నదానికి జవాబివ్వాలి. నిగ్రహం ఎక్కువున్నవాళ్లు రోజంతా కోరికలతో పోరాడి గెలుస్తుంటారని ఎవరైనా అనుకుంటారు. తేలింది ఏమిటంటే, వాళ్లకు అలాంటి పోరాటాలే తక్కువ.

ఇప్పుడు మా వీధి స్వామి మాట మళ్లీ వినండి. తాగాలనే అనిపించలా.

ఎందుకు అనిపించలేదో ఆయన రోజును దగ్గరగా చూస్తే తెలుస్తుంది. సాయంత్రం ఏడింటికి, మామూలు రోజుల్లో గొంతు పీకే ఆ టైముకి, ఆయన ఎక్కడున్నాడు? మళ్లీ స్నానం చేసి పూజలో కూర్చున్నాడు. చుట్టూ ఇంకో పదిమంది స్వాములు, శరణుఘోష. ఒంటి మీద నల్లబట్ట. ఆ బట్టతో వైన్ షాపు మెట్లెక్కితే కౌంటర్లో కుర్రాడే "సామీ, మీరేంది ఇక్కడ" అంటాడు. పెళ్లాం స్వామీ అని పిలుస్తుంది, కన్నకొడుకు స్వామీ అని పిలుస్తాడు, ఆఫీసులో తగువు పెట్టుకునేవాడు కూడా స్వామీ అని తగ్గుతాడు. రోజుకు యాభైసార్లు ఒక మనిషిని ఒక పేరుతో పిలిస్తే వాడు కొంతైనా ఆ మనిషి అవుతాడు. మందు స్నేహితులు వాళ్లంతట వాళ్లే పక్కకు తప్పుకుంటారు. అన్నిటికంటే పెద్ద సుఖం, ఇవాళ తాగాలా వద్దా అన్న ప్రశ్నే ఆయన ముందుకు రాదు. ఆ తీర్మానం మాల వేసుకున్న రోజే అయిపోయింది.

మాల తీయడానికి ఒక్క నిమిషం చాలు. ఆ నిమిషంలో బట్ట మారింది, పిలుపు మారింది, పదిమంది స్వాములు ఎవరిళ్లకు వాళ్లు పోయారు, సాయంత్రం ఏడింటి చోటు ఖాళీ అయింది. మనిషి మటుకు అదే మనిషి. మా వీధిలోనే ఇంకొకాయన ఎనిమిదేళ్ల కిందట మాల తీశాక మందు జోలికి పోలేదు. ఆయన గొప్ప సంకల్పం చెప్పుకుంటాడేమో అనుకున్నాను. "ఏడింటికి గుళ్లో భజనకి పోవడం మానలా, అంతే" అన్నాడు. రంజాన్ ఉపవాసాల్లో సిగరెట్ పక్కనపెట్టే మిత్రుల్నీ, శ్రమల దినాల నలభై రోజులు మాంసం మానే మిత్రుల్నీ చూడండి. అక్కడా ఇదే కట్టుబాటు కనబడుతుంది. ఊరంతా కలిసి చేసేది, వేళ తెలిసినది, పదిమందికీ కనబడేది.

ఒక జాగ్రత్త ఇక్కడే చెప్పాలి. ఏళ్ల తరబడి రోజూ బాగా తాగే మనిషి ఒక్కసారిగా మానేస్తే చేతులు వణకడం, నిద్ర పట్టకపోవడం దగ్గర ఆగకపోవచ్చు. ఫిట్స్ రావచ్చు, మతి తప్పి మాట్లాడొచ్చు, ప్రాణం మీదకు రావచ్చు. అలాంటివాళ్లు మాల వేసుకునే ముందు డాక్టర్ని కలవాలి. వ్యసనం జబ్బుగా మారినచోట వ్యాసాలు పనిచేయవు.

రెండో చిక్కుకు, అంటే మొదలుపెట్టడానికి, ప్రకాశం పొగాకు రైతు మంచి ఉదాహరణ. బ్యారన్‌లో, అంటే పొగాకును వేడితో ఆరబెట్టే గదిలో, ఆకు కట్టి నిప్పు పెట్టాక ఐదారు రోజులు ఆ మనిషికి రాత్రీ పగలూ తేడా ఉండదు. అర్ధరాత్రి లేచి కట్టెలు ఎగదోయాలి, వేడి చూసుకోవాలి, ఆకు పసుపు తిరిగిందా, ఈనె ఆరిందా చూడాలి. కాస్త కన్ను మూతపడి వేడి తప్పితే ఆకు రంగు చెడుతుంది, వేలంలో రేటు పోతుంది. మా బాబాయి ఈ పని ముప్పై ఏళ్లు చేశాడు. ఒక్క బ్యారన్ కూడా చెడగొట్టుకోలేదని ఊళ్లో పేరు. అదే బాబాయి బీపీ మాత్ర వారంలో నాలుగు రోజులు మర్చిపోతాడు. ఆయన్ని క్రమశిక్షణ ఉన్నవాడనాలా, లేనివాడనాలా?

ఆకు పిలుస్తుంది, మాత్ర పిలవదు. తేడా అంతా అక్కడుంది. బ్యారన్ పనికి వేళ ఉంది, గుర్తుంది, తప్పితే నష్టం తెల్లారేసరికి కంటికి కనబడుతుంది. బీపీ మాత్రకు ఇవేవీ లేవు. తప్పిన నష్టం ఎప్పుడో పదేళ్లకు వస్తుంది. పిన్నమ్మ చివరికి మాత్రల పట్టీని ఆయన పొద్దున్నే టీ తాగే గ్లాసులో వేసి బోర్లించడం మొదలుపెట్టింది. గ్లాసు తీయాలంటే మాత్ర చేతికి రావాల్సిందే. ఇప్పుడు మర్చిపోవడం లేదు.

పిన్నమ్మ తనకు తెలియకుండానే చేసిన ఈ పని మీద చాలా పరిశోధన ఉంది. 2002లో బ్రిటన్‌లో కొందరు విద్యార్థులను మూడు గుంపులు చేశారు. ఒక గుంపుకు ప్రత్యేకంగా ఏమీ చెప్పలేదు. రెండో గుంపుకు వ్యాయామం చేయకపోతే గుండెకు ఏమవుతుందో వివరంగా చెప్పారు. మూడో గుంపుకు అదంతా చెప్పి, వచ్చే వారం ఏ రోజు, ఏ టైముకి, ఎక్కడ చేస్తావో కాగితం మీద రాయమన్నారు. ఆ వారం వ్యాయామం చేశామని చెప్పినవాళ్లు మొదటి గుంపులో 38 శాతం, రెండో గుంపులో 35 శాతం, మూడో గుంపులో 91 శాతం. ఉపన్యాసం విన్నవాళ్లు ఏమీ వినని వాళ్లకంటే ఒక పిసరు వెనకే ఉన్నారు. పిల్లల చదువు గురించి ఇళ్లల్లో రాత్రిపూట జరిగే ఉపన్యాసాలు తలుచుకుంటే నాకు ఈ అంకెలు చూసి నవ్వొస్తుంది. "బుద్ధిగా చదువుకో" అన్న మాటలో వేళా లేదు, చోటూ లేదు. "అన్నం తిన్న కంచం కడిగి రాగానే వరండాలో లెక్కల పుస్తకం తెరువు" అన్న మాటలో రెండూ ఉన్నాయి.

ఇదంతా విదేశాల నుంచి దిగుమతి చేసుకోవాల్సిన జ్ఞానం అనుకుంటే పొరపాటు. మన నెల్లూరు జిల్లా ఆడవాళ్లు 1992లో దీన్ని చేసి చూపించారు. దూబగుంటలో సారా తాగే మగవాళ్లకు అప్పటిదాకా చెప్పని బుద్ధి లేదు. పిల్లల తల మీద ఒట్లు వేయించారు, దేవుడి ముందు ప్రమాణాలు చేయించారు, ఏడ్చారు, దెబ్బలు తిన్నారు. ఇవన్నీ మగవాడి మనసు మార్చాలని చేసిన ప్రయత్నాలు. అక్షరాస్యత తరగతుల్లో సారా వల్ల చితికిపోయిన సంసారం గురించిన పాఠం దగ్గర మాటలు మొదలై, ఆ ఆడవాళ్లు గురి మార్చారు. మనిషిని వదిలి అంగడి మీద పడ్డారు. కూలి డబ్బులు జేబులో వేసుకుని పొలం నుంచి వచ్చేవాడి దారిలో సారా అంగడి ఉంటే, అతను రోజూ అక్కడ గెలిచి ఇంటికి రావాలి. అంగడే లేకపోతే గెలవాల్సిన పని లేదు. దూబగుంట రోశమ్మ పేరు రాష్ట్రమంతా తెలిసింది. జిల్లాలో సారా వేలం పాటలు జరగనివ్వలేదు. 1993 అక్టోబర్ 1 నుంచి రాష్ట్రమంతటా సారా నిషేధం వచ్చింది. 1995లో సంపూర్ణ మద్య నిషేధం, 1997లో దాన్ని ఎత్తేయడం, ఆ కథలో రాజకీయం ఎక్కువ. నిషేధంతో తాగుడు పూర్తిగా పోయిందని ఎవరూ అనరు, నాటుసారా ఉండనే ఉంది. కానీ రోజూ ఒంటరిగా ఓడిపోతున్న మనిషికి బుద్ధులు చెప్పడం కంటే అతని దారి మార్చడం మేలని ఆ ఆడవాళ్లు గ్రహించారు.

వాళ్లు అక్కడితో ఆగలేదు. సారాకు పోకుండా మిగిలిన రూపాయి ఇంకోదానికి పోకుండా చూడాలి కదా. 1993లో నెల్లూరు జిల్లాలో పొదుపు లక్ష్మి పేరుతో ఆడవాళ్ల పొదుపు గుంపులు మొదలయ్యాయి. రోజుకు ఒక్క రూపాయి, నెలకు 30. మా పెద్దమ్మ అలాంటి ఒక గుంపులో ఉండేది. సెలవుల్లో నేనూ వెంటపడి పోయేవాణ్ని. అరుగు మీద చాప, మధ్యలో తాళం వేసిన రేకు పెట్టె, పక్కన పెద్ద గళ్ల పుస్తకం. పేరు పిలవగానే కొంగు ముడి విప్పి అందరి ముందూ డబ్బు చాప మీద పెట్టాలి, పుస్తకంలో సంతకం పెట్టాలి. తేనివాళ్లను ఎవరూ తిట్టేవాళ్లు కారు. పేరు చదివి, ఒక క్షణం ఆగి, తర్వాతి పేరు చదివేవాళ్లు. ఆ గడి ఖాళీగా ఉండిపోయేది. ఆ ఒక్క క్షణం తప్పించుకోవడానికి మా పెద్దమ్మ గేదె పాలు అమ్మిన డబ్బులోంచి రోజూ రూపాయి తీసి పప్పు డబ్బాలో వేసేది. పెదనాన్నకు ఆ డబ్బా సంగతి చాలా ఏళ్లు తెలియదు.

అందులో ఎన్ని పనిచేశాయో చూడండి. మొత్తం చిన్నది, సాకు చెప్పడానికి వీల్లేనంత చిన్నది. వేళ మారదు. సాక్షులున్నారు. డబ్బు ఇంట్లో ఉండదు, అడగ్గానే చేతికి రాదు. ఫిలిప్పీన్స్‌లో ఆర్థికవేత్తలు ఇలాంటిదే పరీక్షించి 2006లో ప్రచురించారు. అనుకున్న తేదీ వరకో, అనుకున్న మొత్తం వరకో డబ్బు తీయడానికి వీల్లేని ఖాతా తెరుస్తారా అని బ్యాంకు ఖాతాదారుల్ని అడిగితే 28 శాతం మంది సరేనన్నారు. మన డబ్బు మనకే దొరక్కుండా చేసుకోవడం పిచ్చి పనిలా ఉంటుంది. కానీ ఏడాది తిరిగేసరికి ఆ అవకాశం ఇచ్చిన గుంపు పొదుపు, ఇవ్వని గుంపుతో పోలిస్తే 81 శాతం పెరిగింది. మనకు పక్కనే ఉన్న చెన్నైలో 229 మంది సైకిల్ రిక్షా కార్మికుల మీద జరిగిన అధ్యయనంలో, పగలు మత్తు లేకుండా వస్తేనే డబ్బులిచ్చే పద్ధతిని, అందులో తమకు నష్టం ఉన్నా, కోరి ఎంచుకున్నవాళ్లు చాలామంది. పగటిపూట తాగుడు తగ్గినవాళ్ల పొదుపు సగం మేర పెరిగింది. తాగేవాడికి మానాలని ఉండదనుకోవడం మన అపోహ. తనను కట్టేసే తాడు కోసం అతనే వెతుక్కుంటుంటాడు.

తాడు అంటే తిక్కన గుర్తొస్తాడు. మన నెల్లూరు కవి భారతంలో 15 పర్వాలు తెలుగు చేశాడు. తడబడకుండా చెబుతూనే ఉంటానని, ఆగితే నాలుక కోసుకుంటానని వ్రాయసకాడు గురునాథుడితో పందెం వేసుకున్నాడని చెప్పుకుంటారు. ఒకచోట పద్యం నడవక, "ఏమి చెప్పుదుం గురునాథా" అని నిట్టూర్చాడట. గురునాథుడు అది కూడా రాసేశాడు. తీరా చూస్తే సంజయుడు ధృతరాష్ట్రుడితో అనే మాటగా, "కురునాథా" అన్న పిలుపుగా పద్యంలో అతికినట్టు సరిపోయింది. నిజమో కాదో తిక్కనకే తెలియాలి. నాకు నచ్చేది పందెం కాదు, గంటం పట్టుకుని ఎదురుగా కూర్చున్న మనిషి. ఎదురుగా ఒకడు రాయడానికి సిద్ధంగా ఉంటే, ఇవాళ మనసు బాగాలేదు రేపు చూద్దాం అనడానికి మహాకవికైనా మొహమాటం.

డబ్బు లేని ఇంట్లో క్రమశిక్షణ గురించి మాట్లాడేటప్పుడు నోరు అదుపులో పెట్టుకోవాలి. 2013లో వచ్చిన ఒక అధ్యయనంలో తమిళనాడులో 464 మంది చెరకు రైతులకు పంట డబ్బు రాకముందు ఒకసారి, వచ్చాక ఒకసారి ఆలోచనకు సంబంధించిన పరీక్షలు పెట్టారు. అదే మనిషి డబ్బుకు కటకటగా ఉన్నప్పుడు తక్కువ మార్కులు తెచ్చుకున్నాడు. బుద్ధి మారలేదు, బుర్రలో చోటు లేదు. అప్పులవాడి ఫోన్, స్కూలు ఫీజు, బావిలో మోటారు రిపేరు బుర్రంతా ఆక్రమించుకుని ఉన్నప్పుడు యోగాకు టైము కేటాయించలేదని తప్పుపట్టేవాడు ఆ ఇంట్లో వారం ఉండి చూడాలి.

ఇక మూడో చిక్కు, సాగించడం. 21 రోజులు చేస్తే ఏదైనా అలవాటైపోతుందని వాట్సాప్‌లో తిరుగుతుంటుంది. 1960లో ఒక అమెరికా ప్లాస్టిక్ సర్జన్, ఆపరేషన్ అయినవాళ్లు కొత్త ముఖానికి అలవాటు పడటానికి కనీసం 21 రోజులు పడుతోందని రాసిన మాట అలా సాగిసాగి ఇక్కడికొచ్చింది. నిజంగా కొలిచింది లండన్‌లో. 2010లో వచ్చిన ఆ అధ్యయనంలో 96 మంది ఒక చిన్న పని ఎంచుకుని, రోజూ ఒకే సందర్భంలో చేశారు. మధ్యాహ్నం భోజనంతో ఒక పండు తినడం లాంటివి. ఆలోచించకుండా చేసే స్థితికి రావడానికి సగటున 66 రోజులు పట్టింది. కొందరికి 18 రోజులకే వచ్చింది, కొందరి లెక్క 254 దాకా పోయింది. నీళ్లు తాగడం తొందరగా అలవాటవుతుంది, వ్యాయామం ఆలస్యంగా. మధ్యలో ఒక రోజు తప్పితే పెద్ద నష్టమేమీ కనబడలేదు.

ఆ చివరి మాట మనవాళ్లకు ముఖ్యం. మనకు వ్రతభంగం అనే ఆలోచన ఒకటి లోపల నాటుకుపోయింది. ఒక్క రోజు తప్పిందంటే మొత్తం పోయిందనుకుంటాం, మళ్లీ ఉగాదికో జనవరి ఒకటికో ముహూర్తం పెట్టుకుంటాం. వెనకట దయ్యం రాకుండా ఊళ్లల్లో తలుపుల మీద "రేపు రా" అని రాసేవాళ్లు. దయ్యం వచ్చిన ప్రతిరోజూ అది చదువుకుని వెనక్కి పోయేది. మన మంచి అలవాట్లకు మనం రాసి పెట్టిన బోర్డు కూడా అదే.

ఇందులో నా సొంత బాగోతం దాచడం న్యాయం కాదు. మూడేళ్ల కిందట షుగర్ బార్డర్‌లో ఉందని, నడవమని డాక్టరమ్మ చెప్పింది. ఆ వేడిలో ఒక జిమ్‌కి ఏడాది ఫీజు ఒకేసారి కట్టాను. డబ్బు కట్టాను కాబట్టి పోతాననుకున్నాను. పదకొండు రోజులు పోయాను. పన్నెండో రోజు వాన, పదమూడో రోజు పెళ్లి, పద్నాలుగో రోజు సిగ్గు. మానేశాక ఆ వీధిలోంచి పోవడం కూడా మానేశాను. అంత డబ్బు కూడా నన్ను కదిలించలేదంటే, అది ఒకసారి పోయి ఊరుకుంది కాబట్టి. రోజూ పొద్దున్నే వచ్చి నన్ను అడగలేదు.

ఇప్పుడు అడిగే మనిషి ఉన్నాడు. పక్కింట్లో రిటైరైన హెడ్‌మాస్టారు. ఐదూ ఇరవైకి మా గేటు గొళ్లెం రెండుసార్లు కొడతాడు, మూడోసారి కొట్టడు. "లేచావా అబ్బయ్యా" అని కూడా అడగడు. గేటు బయట నిలబడి వాచీ చూసుకుంటాడు. డెబ్బై రెండేళ్ల మనిషి చీకట్లో నిలబడి ఉంటే దుప్పటి కప్పుకుని పడుకోవడం నా వల్ల కాలేదు. బూట్లు గడప పక్కన, సాక్సులు వాటిలోనే. ఫోన్ రాత్రి తొమ్మిదిన్నరకి వంటింట్లో బియ్యం డబ్బా మీద చార్జింగ్‌కి పోతుంది. మొదట్లో డబ్బా లోపలే పెట్టాను, బియ్యం తీయబోయి మా ఆవిడ రెండుసార్లు హడలిపోవడంతో పైకి మారింది. మంచం మీంచి వంటింటికి పదహారు అడుగులు. అర్ధరాత్రి ఆ పదహారు అడుగులు నడిచేంత ముఖ్యమైన సంగతి ఇంతవరకు ఫోన్‌లో ఏదీ రాలేదు.

వీఆర్‌సీ గ్రౌండ్‌లో నాలుగు రౌండ్లు. మొదటి రెండు నెలలు రోజూ తిట్టుకుంటూనే నడిచాను. ఎప్పటి నుంచి తిట్టుకోవడం మానేశానో గుర్తులేదు. వాపసు వచ్చేటప్పుడు గాంధీబొమ్మ వైపు తిరిగితే వేడి దోసెల బండి ఉంటుంది, కాబట్టి అటు తిరగం. ఆ దారి మాస్టారు ఎంచుకున్నది. ఆయనకు కూడా షుగరే.

చిక్కల్లా అక్టోబర్ దాటితేనే. నెల్లూరులో వానంటే ఆ మూడు నెలలే, పడితే వారం వదలదు. పోయినేడు వాయుగుండం పట్టినప్పుడు ఆరు రోజులు ఆగిపోయాం. ఏడో రోజు ఎండ కాసినా గేటు మోగలేదు, నేనూ లేవలేదు. మళ్లీ మొదలుకావడానికి మూడు వారాలు పట్టింది. ఇద్దరం ఒకరికోసం ఒకరం ఎదురుచూస్తూ పడుకున్నామని తర్వాత తెలిసింది. ఈ ఏడు వాన పడితే వాళ్ల మేడమెట్లు పదిసార్లు ఎక్కి దిగుదామని మాస్టారు అంటున్నాడు. మెట్లు నున్నటి గ్రానైట్, తడిస్తే జారతాయి. గోనెపట్టాలు పరవమని చెప్పాను. ఇంకా పరవలేదు.